ఎర్ర చుక్క మీట

పైన గొడుగు పిడి, కింద పిట్ట తల. తెర అక్కడ ఆగిపోయింది. ఇక్కణ్ణుంచే రాసుకో అమ్మడూ. మొదటి నుంచి చెప్పమంటావు గాని నాకు మొదలంటే ఇదే, పైన గొడుగు పిడి, కింద పిట్ట తల, మధ్యలో తెల్లటి ఖాళీ. అచ్చం మా పాత లిఫ్టు రెండంతస్తుల నడుమ ఆగిపోయినప్పుడు జాలీ తలుపులోంచి కనిపించినట్టే, పైన ఎవరివో చెప్పులు, కింద ఎవరివో తలకాయలు, మనం మాత్రం ఎక్కడా లేనట్టు. తెర మూలన మాటల డాక్టరమ్మ ముఖం, తపాలా బిళ్ళంత. నా ఎడమ పక్క కుర్చీలో మీ నాయనమ్మ, స్వాధీనం తప్పిన కుడిచేతిని నిద్రపోతున్న పిల్లిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని. "పేజ్ డౌన్ నొక్కండి తాతగారూ" అంటోంది డాక్టరమ్మ. "టమాటా" అంటోంది మీ నాయనమ్మ. గొడుగులో టమాటా లేదు, పిట్టలో లేదు, ఇంట్లో కూడా లేదు, నిన్ననే అయిపోయాయి. ఏ మాటకి ముందు జవాబు చెప్పాలో తెలియక నేను కీబోర్డు వైపు చూస్తూ కూచున్నాను, సంతలో తప్పిపోయినవాడిలా.

నీ పెద్ద కంప్యూటరుకైతే ఆ మీట ఉండేది. నాకు దాని పేరు చదవడం రాకపోయినా దాని ఇల్లు తెలుసు. కుడిచేతి వైపు బాణాలుంటాయి, బాణాల పైన విడిగా ఆరు మీటల గుంపు, అందులో కింది వరస, కుడి చివరది. వేలు దానంతటదే పోయేది. నొక్కితే ఒక బొమ్మ వెళ్ళి ఇంకో బొమ్మ వచ్చి సరిగ్గా నిలబడేది, గుమ్మానికి గుమ్మం, గడపకి గడప. అది పాడైపోయి నువ్వు ఈ చిన్న ల్యాప్‌టాప్ తెచ్చావు. పలకలా బాగానే ఉంది, తేలిగ్గానే ఉంది, కానీ ఆ ఆరు మీటల గుంపు దీనికి లేదు. నేను ఉదయం నుంచీ దాని కుడి పక్కంతా తడుముతూనే ఉన్నాను. ఇంటి గోడలో తలుపు ఉండేచోట ఉత్తి గోడ ఉంటే ఎట్లా ఉంటుంది, అట్లా ఉంది. నేను చదువుకున్నది అంకెలూ బాణాలే కదమ్మా. లిఫ్టువాడికి అంతకన్నా అక్కర్లేదు. అందుకని కింది బాణం నొక్కాను. దాంతో గొడుగు కాస్త పైకి జరిగింది. ఇంకోసారి నొక్కితే ఇంకాస్త. మూడోసారికి ఇదిగో, పిడి పైన, తల కింద. వేలితో కింద ఆ నున్నటి పలక మీద రుద్దమంది డాక్టరమ్మ, రుద్దాను, నా మొద్దు వేలికి అది గొడుగును ఓసారి మొత్తం తెచ్చింది, ఓసారి మొత్తం తీసుకుపోయింది, చివరికి మళ్ళీ నడిమధ్యనే నిలబెట్టింది.

ఇవాళ్టి పాఠం గంట మామూలు గంట కాదని డాక్టరమ్మ ముందే చెప్పింది. బొమ్మలన్నీ ఒక్కొక్కటే చూపించి, మీ నాయనమ్మ నోట ఏ మాట వస్తుందో చూసి, ఈ నేర్పడం ఇంకా సాగించాలా ఇంతటితో చాలించాలా తేలుస్తానంది. మాట పడిపోయినవాళ్ళు ఇంకా ఎంతోమంది ఆవిడ కోసం వరసలో ఉన్నారట, ఒకరు వదిలితేనే ఇంకొకరికి చోటట. న్యాయమే. లిఫ్టులో కూడా అంతే, దిగేవాళ్ళు దిగితేనే ఎక్కేవాళ్ళు. కానీ మా అంతస్తు ఇంకా రాలేదమ్మా, మేమింకా మధ్యలోనే ఉన్నాం, ఇక్కడ దిగమంటే ఎక్కడికి దిగుతాం. ఈ మాట డాక్టరమ్మతో అందామనుకున్నాను. నోరు తెరిచేలోపు మీ నాయనమ్మ మళ్ళీ "టమాటా" అంది, ఈసారి గట్టిగా, నా మోచెయ్యి గుంజి మరీ. నేను వినబడనట్టు ఊరుకున్నాను. అట్లా ఊరుకోమన్నది డాక్టరమ్మే.

ఆ సంగతి నీకు తెలుసు, అయినా రాయి. మీ నాయనమ్మకి మాట పోయిన తర్వాత మాటలన్నీ పోలేదు, సొంతదారులు మారిపోయారు. నీళ్ళు అడగాలంటే కిటికీ అంటుంది. ఫ్యాను వెయ్యమనాలంటే మరదలు అంటుంది. ఎందుకు మరదలో మొదట అర్థం కాలేదు, తర్వాత మా చెల్లెలు ఇంటికొచ్చినప్పుడు చూస్తే నిజమే, ఒక్కచోట నిలవదు, తల తిరిగేట్టు తిరుగుతుంది. భోజనానికి బస్సు, నిద్రకి బడి, నన్ను పిలవడానికి తాళం. నేను ఒక్కొక్కటే పట్టుకున్నాను. కిటికీ అనగానే గ్లాసు చేతికిచ్చేవాణ్ణి. ఇల్లు నడిచిపోయేది. అప్పుడు డాక్టరమ్మ అంది, "మీరు అర్థం చేసేసుకుంటే ఆవిడ అసలు మాట ఎందుకు వెతుక్కుంటారు తాతగారూ, తెలియనట్టు ఉండండి, వెతుక్కోనివ్వండి" అని. అదీ నిజమే అనిపించింది. అప్పట్నుంచి కిటికీ అంటే కిటికీ వైపు చూసేవాణ్ణి. ఆవిడ నా వైపు చూసే చూపు ఉంది చూశావూ, ఇన్నేళ్ళ కాపురంలో ఎన్నో మాటలన్నది గాని అట్లాంటి చూపు ఎప్పుడూ చూడలేదు. దాహంతో ఉన్న మనిషి ముందు గ్లాసు పట్టుకుని తెలియనట్టు నిలబడడం మంచో చెడో నాకు తెలియదు. మంచే అన్నారు, చేశాను.

అసలు ఆ మనిషి ఎట్లాంటి మనిషి. మా ఆఫీసు భవనంలో ఆవిడకి రేడియో అని పేరు. పై అంతస్తు క్యాంటీన్‌లో టీ పని. పళ్ళెం పట్టుకుని లిఫ్టెక్కిందంటే కింద దిగేదాకా నోరు మూతపడేది కాదు. ఎకౌంట్స్ గుమస్తా చక్కెర లేని టీ కావాలంటాడు, తీరా ఇచ్చాక పక్కవాడి టీలో చక్కెర ఎంతుందో రుచి చూస్తాడు, పెద్దసారు సంతకం పెట్టేటప్పుడు నాలుక బయట పెడతాడు, ఇట్లాంటివన్నీ నాకు ఆవిడ చెబితేనే తెలుసు. నన్ను అందరూ పైకా అనేవాళ్ళు. ఎక్కిన ప్రతి మనిషినీ పైకా కిందికా అని అడుగుతాను కదా, అందులో సగం నా పేరైపోయింది. "ఏమయ్యా పైకా, రోజంతా తిరుగుతావు, ఎక్కడికీ పోవు" అనేది. పెళ్ళయ్యాక కూడా పైకా అనే పిలిచింది. ఇప్పుడు తాళం. లిఫ్టుకీ తాళానికీ ఏమిటి సంబంధం అని ఎంత ఆలోచించినా తట్టదు. జాలీ తలుపు గొళ్ళెం చప్పుడేమో. ఏమో.

"ఎఫ్ ఎన్ అని ఒక మీట ఉంటుంది చూడండి, దాంతోపాటు కింది బాణం" అంది డాక్టరమ్మ. కళ్ళజోడు మసకేసిందమ్మా అన్నాను. చదవడం రాదని ఆవిడతో ఎప్పుడూ అనలేదు, ఇవాళ కొత్తగా ఏమంటాను. పై వరసలో ఏదో అక్షరం పక్కన అంకెలున్నాయి కదా, అంకెలైతే నా చుట్టాలే, అవి నొక్కాను. ఒకటి నొక్కితే డాక్టరమ్మ పెదాలు కదులుతున్నాయి గాని గొంతు పోయింది. ఈవిడకి కూడానా అనుకున్నాను. ఇంకోటి నొక్కితే తెర చీకటి పడ్డట్టయింది. పక్కది నొక్కితే తెల్లారింది. మొదటిది మళ్ళీ నొక్కితే గొంతు వచ్చింది. విమానం బొమ్మ ఉన్నదాని జోలికి పోలేదు, ఎక్కడికి తీసుకుపోతుందో అని. నీకు ఫోను చేశాను, మోగి మోగి ఆగిపోయింది, మీటింగులో ఉన్నావని తర్వాత చెప్పావు. మీ నాయనమ్మ "టమాటా, టమాటా" అంటూనే ఉంది. ఆకలేస్తోందేమో అనుకున్నాను, అయితే బస్సు అనాలి కదా. గొడుగుకే కొత్తగా టమాటా అని పేరు పెట్టిందేమో అనుకున్నాను, అట్లా అయితే పరీక్ష పోయినట్టే. డాక్టరమ్మ తలవంచి ఏదో రాసుకుంది.

"ఎడమ పక్క, అన్నిటికన్నా కింది వరస, మూలన చూడండి" అంది. చూశాను. మూలన ఉన్న మీట మీద ఎర్ర చుక్క ఉంది. నువ్వు పొద్దున గోళ్ళరంగుతో పెట్టిన చుక్క. నువ్వు చెప్పులేసుకుంటూ ఏదో చెప్పావు, నేను మీ నాయనమ్మకి జడ వేస్తూ ఊఁ అన్నాను, చిక్కు తీస్తుంటే అమ్మో అని అరిచింది ఆవిడ, నీ మాటల్లో నా చెవిన పడింది ఎర్ర చుక్క పెట్టాను తాతయ్యా అన్నంత వరకే. ఎర్ర చుక్క అంటే ఏమిటి మరి. నా లెక్కలో దానికి ఒకటే అర్థం, ముట్టుకోవద్దని. మా మనవరాలు ఎంత ముందుచూపున్నదీ, ముసలాడు పొరపాటున దీని మీద వేలు పెడతాడేమోనని గుర్తు పెట్టి పోయింది అని లోపల మురిసిపోయాను కూడా. అందుకని మూలనున్నది అంటే దాని పక్కది కాబోలనుకున్నాను. నొక్కాను. తెర మీద ఒక పెద్ద పెట్టె లేచి గొడుగునీ పిట్టనీ డాక్టరమ్మనీ కప్పేసింది. మళ్ళీ నొక్కితే పోయింది. ఇటు పక్కది, అటు పక్కది, పైది, అన్నీ నొక్కాను. చుక్కదాన్ని తప్ప. ఇల్లంతా వెతికి, మంచం మీద పడుకున్న మనిషిని మాత్రం లేపకుండా వెతికినట్టు.

నవ్వకు. నువ్వు నవ్వుతావని తెలుసు గాని రాయి. ఉద్యోగంలో చేరిన రోజున సూపర్‌వైజరు నా చెయ్యి పట్టుకుని లిఫ్టు పలక మీద ఒక్కొక్కటే చూపించాడు. ఇది పైకి, ఇది కిందికి, ఇది తలుపుకి. చివర ఎర్రది చూపించి చెయ్యి వెనక్కి లాగేశాడు. "దీని మీద వేలు పడిందా, వేలూ ఉద్యోగం రెండూ ఊడతాయి" అన్నాడు. అది నొక్కితే కరెంటు లేకపోయినా భవనమంతా గంట మోగుతుంది, మనుషులు మెట్ల మీద పడి పరుగెడతారు, పెద్దసారు గది బయటికొస్తాడు. ఉద్యోగమున్నంత కాలం నా వేలు దాన్ని ముట్టలేదు. గుడ్డతో పలక తుడిచేటప్పుడు కూడా దాని చుట్టూ తుడిచేవాణ్ణి, అది దుమ్ము పట్టి ముదురు రంగుకి తిరిగింది. అది మోగింది ఒక్కసారే, మోగించింది నేను కాదు.

ఆ రోజు వాన, కరెంటు పోయి వచ్చింది, వచ్చి మళ్ళీ పోయింది, లిఫ్టు రెండంతస్తుల మధ్య నిలబడిపోయింది. లోపల నేనూ, టీ పళ్ళెంతో రేడియో. దీపం కూడా ఆరిపోయింది. పైన జాలీలోంచి గీతలా వెలుతురు. అరిచాను, వానలో ఎవరికీ వినబడలేదు. ఆవిడ మాత్రం ఏమీ జరగనట్టు మాట్లాడుతూనే ఉంది. టీలు చల్లారిపోతున్నాయి, ఒకటి నువ్వు తాగు, ఒకటి నేను తాగుతా, అడిగితే లిఫ్టు తాగేసిందని చెబుదాం అంది. ఇద్దరం నేల మీద కూచుని తాగాం. వాళ్ళ నాన్న సంగతి చెప్పింది, ఊపిరి పట్టుకుని వినాల్సిన సంగతులు కూడా వంకాయల బేరంలా చెప్పింది. గ్లాసులు ఖాళీ అయ్యాక, "ఆ ఎర్రదేదో నొక్కవయ్యా" అంది. అమ్మో, వద్దు, ఉద్యోగం పోతుందన్నాను. "పైకి పోవు, కిందికి పోవు, ఇక్కడే సంసారం పెడతావా ఏంటి నాతో" అంది. నేను పలకకి అడ్డంగా నిలబడ్డాను. చీకట్లో నా భుజం పక్కనుంచి చెయ్యి వచ్చింది. గాజుల చప్పుడు వినిపించింది గాని చెయ్యి కనిపించలేదు. గంట మోగింది. ఉద్యోగం పోలేదు. సంసారం మాత్రం పెట్టాం.

చెయ్యి వచ్చింది. నా భుజం పక్కనుంచి, నా ముందునుంచి చెయ్యి వచ్చింది, ఆ చెయ్యి కాదు, ఇప్పటి చెయ్యి, ముడతల చెయ్యి, మంచి చెయ్యి. ఆవిడ కుర్చీలోంచి ఒరిగి ఒరిగి, నేను పడిపోతుందేమోనని పట్టుకోబోతే నన్ను తోసేసి, ఎడమచేతి బొటనవేలు తీసుకెళ్ళి సరిగ్గా ఆ ఎర్ర చుక్క మీద పెట్టింది. పెట్టి గట్టిగా నొక్కి పట్టుకుంది. "టమాటా!" అంది. వద్దే అన్నాను. గంట మోగుతుందని చెవులు బిగపట్టుకున్నాను. ఏమీ మోగలేదు. బొమ్మ కదల్లేదు. డాక్టరమ్మ రాసుకోవడం ఆపి చూస్తోంది. మీ నాయనమ్మ వేలు తియ్యలేదు. గడ్డంతో కింది బాణాన్ని చూపించింది, నన్ను చూసింది, మళ్ళీ బాణాన్ని చూపించింది, పెళ్ళైన కొత్తలో చుట్టాల ముందు నాకు సైగలు చేసినట్టు. నువ్వు పొద్దున చెప్పినదంతా విన్నది ఆవిడేనమ్మా. జడ లాగించుకుంటూ, అమ్మో అంటూ, మొత్తం వింది. ఇందాకట్నుంచీ నాకు చెబుతూనే ఉంది. ఎరుపు అన్న మాట దొరక్క, ఎర్రగా ఉన్నదాని పేరు పెట్టి చెబుతూనే ఉంది. నేను, మంచివాణ్ణి కదా, వినబడనట్టు కూచున్నాను.

కింది బాణం మీద వేలు పెట్టాను. పెట్టి, అలవాటు కదా, పాత లిఫ్టుకి మీట వదిలితే ఆగిపోయేది, అంతస్తు వచ్చేదాకా బిగించి పట్టుకోవాలి, అట్లాగే బిగించి పట్టుకున్నాను. పిట్టా కుర్చీ పడవా చెప్పులూ అన్నీ గాలివానలో కొట్టుకుపోయినట్టు పోయి చివరి బొమ్మ దగ్గర ఆగాయి. మీ నాయనమ్మ వేలు చుక్క మీదే ఉంచి మోచేత్తో నా డొక్కలో ఒక్కటి పొడిచింది. పట్టుకోవడం నా పని కాదని అప్పుడర్థమైంది. ఆవిడ పట్టుకోవాలి, నేను తట్టి వదలాలి. పై బాణం తడుతూ వెనక్కి తెచ్చాను. పిట్ట వచ్చి నిలబడింది. మొత్తం పిట్ట, తలా తోకా కాళ్ళూ, గుమ్మానికి గుమ్మం. "ఇదేంటమ్మా?" అంది డాక్టరమ్మ. ఆవిడ చాలాసేపు చూసింది. "గాలి" అంది. నేను తట్టాను. కుర్చీ వచ్చింది. "కుర్చీ" అంది. నేను ఆవిడ వైపు తిరిగాను. ఆవిడ నా వైపు చూడలేదు, వేలు బిగించి తెర వైపే చూస్తోంది, డ్యూటీలో ఉన్నదానిలా. పడవకి ఏమీ అనలేదు. చెప్పులకి మరదలంది. గడియారానికి "గ" అని ఆగి, "గ... గ..." అని, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, "పద" అంది నాతో. తట్టాను.

అన్నీ అయ్యాక డాక్టరమ్మ అడిగింది, "టమాటా అంటే ఏంటి తాతగారూ, ఏ బొమ్మకీ కాదే అది?" అని. ఎర్ర చుక్క సంగతి చెప్పాను. సూపర్‌వైజరు సంగతి కూడా చెప్పేశాను, చదువు రాదన్న సంగతి కూడా దాంతోపాటే జారిపోయింది. డాక్టరమ్మ నవ్వలేదు. "లేని మీటకి రెండు మీటలు కలిపి నొక్కితే పని జరిగింది కదమ్మా, మరి లేని మాటకి ఆవిడ ఇంకో మాట నొక్కుతోంది, అది నేను వినొచ్చా కూడదా, నాకు అర్థం కావట్లేదు" అన్నాను. నిజంగానే అడిగానమ్మా, దెప్పిపొడవడానికి కాదు. "నేను తెలియనట్టు ఉండమన్నది బొమ్మల దగ్గర, తాతగారూ. మీరు నీళ్ళ దగ్గర కూడా ఉంటున్నారా?" అంది. బొమ్మల దగ్గర అన్నదో, ఎప్పుడూ అన్నదో, నేనే అతిగా విన్నానో, ఇప్పుడు ఎంత తల బద్దలు కొట్టుకున్నా గుర్తు రావట్లేదు. "ఆవిడ ఏది అడిగినా ఇవ్వండి. ఇస్తూ అసలు పేరు మీరు పైకి అనండి. ఆవిడ మాటా, మీ మాటా, రెండూ కలిపి" అంది. మరి నేర్పడం సంగతేంటమ్మా అన్నాను. "వచ్చే వారం ఇదే వేళకి" అంది. తర్వాత ఆవిడ ముఖం తపాలా బిళ్ళలోంచి పోయింది. మీ నాయనమ్మ వేలు మాత్రం ఇంకా చుక్క మీదే ఉంది. అయిపోయిందే, తియ్యి అన్నాను. తియ్యలేదు. నేనే మెల్లగా విడదీశాను, గోరు చివర కాస్త ఎర్రరంగు అంటుకుంది.

ఇంతే. ఇంతేనా అంటే, ఏమో. ఒక్క కుర్చీకే సాగించారా, టమాటాకి సాగించారా, జాలిపడ్డారా, నాకు తెలియలేదు. ఇన్నాళ్ళూ కిటికీ వైపు చూస్తూ నిలబడ్డ పూటలు ఎటు పోయాయో, అవి ఆవిడకి మంచి చేశాయో చెడు చేశాయో, అదీ తెలియలేదు. తాళం అంటే నేనెందుకయ్యానో అసలే తెలియదు. ఆగు. విను. లోపల్నుంచి కిటికీ అంటోంది. నువ్వు కూచో, రాసింది చెరిగిపోకుండా దాయి, ఏ మీట నొక్కాలో అది నొక్కు. గ్లాసు నేను తీసుకెళతాను. వస్తున్నానే, వస్తున్నా, నీళ్ళు, ఇదిగో నీళ్ళు.